హాస్టల్లో మీ పిల్లల్ని ఎవరైనా ఏడిపిస్తుంటే ఎలా కనిపెట్టాలి, ఏం చేయాలి

పిల్లల్ని హాస్టల్లో వేసిన అమ్మానాన్నల కోసం రాస్తున్నా, ఇంటి నుంచి వెళ్ళొచ్చే పిల్లలున్న వాళ్ళకి కూడా చాలావరకు పనికొస్తుంది.

ఇద్దరు ఫ్రెండ్స్ కొట్టుకుని సాయంత్రానికి కలిసిపోతే అది మామూలు గొడవ, వదిలేయొచ్చు. బుల్లీయింగ్ అలా కాదు, ఒకడినే పట్టుకుని, వాడు తిరిగి ఏమీ అనలేడని తెలిసి మరీ పదే పదే చేస్తారు. చెయ్యెత్తి కొట్టక్కర్లేదు కూడా, రంగు మీదో నత్తి మీదో కులం మీదో ఒక పేరు పెట్టి రూమంతా అదే పేరుతో పిలవడం, మెస్‌లో పక్కన కూర్చోనివ్వకపోవడం, ఫోన్లు ఉన్నచోట నిద్రపోతుంటే ఫోటో తీసి వాట్సాప్ స్టిక్కర్ చేసి గ్రూపుల్లో తిప్పడం, ఇవన్నీ అదే.

పిల్లలు నోటితో చెప్పరండి. ఫోన్ దగ్గర వెనకాల లైన్లో ఏడిపించేవాళ్ళే నిలబడి ఉంటే ఏం చెప్తారు, బానే ఉన్నా అని పెట్టేస్తారు. అందుకే ఔటింగ్‌కి వెళ్ళినప్పుడు ఒకసారి పెట్టె చూడండి. పోయినసారి ఇచ్చిన జంతికలు వాడు తిన్నాడా లేక ఎవరైనా లాక్కున్నారా, కొత్త టవల్ ఏది, సబ్బులు ఏవి, తాళం ఎందుకు విరిగింది, నోట్‌బుక్‌లో పేజీలు ఎవరు చింపారు. సెలవులైపోయి తిరిగి వెళ్ళే ముందు రోజు కడుపునొప్పి అంటే నాటకం అనుకోకండి, భయానికి కడుపు నిజంగానే నొప్పెడుతుంది. రాత్రి నిద్ర ఉండదు, క్లాసులో తూగుతాడు, మార్కులు పడిపోతాయి, మనం మార్కుల గురించి తిడతాం, దాంతో వాడికి ఇంట్లో కూడా చెప్పుకునే దిక్కు లేకుండా పోతుంది. నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది ఇదే.

చెప్పడం మొదలుపెట్టాక మాత్రం మధ్యలో అడ్డుపడకండి. "నువ్వేం చేశావ్ ముందు", "మగపిల్లాడివి, తిరిగి ఒక్కటి ఇవ్వలేవా", "పట్టించుకోకు" ఈ మూడు మాటల్లో ఏది అన్నా ఇంక నోరు విప్పడు. "చెప్పి మంచి పని చేశావు నాన్నా" అని, మొత్తం విని, ఇప్పుడు ఏం చేస్తే నీకు భయం తగ్గుతుంది అని వాడినే అడగండి. కోపంతో అప్పటికప్పుడు వార్డెన్ మీదకి వెళ్ళి అరిచి వచ్చేస్తే ఆ రాత్రి వాళ్ళ మధ్య పడుకోవాల్సింది మీ పిల్లాడే.

ఏ రోజు, ఎక్కడ, ఎవరెవరు, ఎవరు చూశారు అన్నీ రాసుకోండి, స్క్రీన్‌షాట్లు దాచుకోండి. ప్రిన్సిపాల్‌కి కాగితం మీద రాసిచ్చి ఒక కాపీ మీద సంతకం తీసుకోండి, నోటిమాట అయితే రేపు మాకు తెలీదంటారు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు కలిపిస్తాం అంటే ఒప్పుకోకండి, బలమున్నవాడి ముందు బలంలేనివాడు నిజం చెప్పలేడు. రూమ్ మార్చాల్సి వస్తే ఏడిపించినవాళ్ళని మార్చమనండి.

వినకపోతే చట్టం ఉంది. ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం తోటి విద్యార్థిని ఎగతాళి చేసి అవమానించినా ఆరు నెలల దాకా జైలు పడొచ్చు, ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని ప్రిన్సిపాల్ మీద కూడా కేసు అవుతుంది. ఫోన్ చేసి సాయం అడగాలంటే 18 ఏళ్ళలోపు వాళ్ళకి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, డిగ్రీ, ఇంజినీరింగ్ వాళ్ళకి యూజీసీ యాంటీ ర్యాగింగ్ నంబర్ 1800-180-5522, మనసు బాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనుంది అనే మాట ఒక్కసారి వచ్చినా ఒంటరిగా వదలకండి, అదే రోజు ఇంటికి తెచ్చుకుని డాక్టర్‌కి చూపించండి, ఇయర్ పోతే పోయింది.

ఒకవేళ ఏడిపిస్తున్నది మీవాడే అని ఫోన్ వస్తే, మావాడు అలాంటివాడు కాదు అని పెట్టేయకండి. బెల్టు కూడా తీయకండి, కొట్టడమే వాడు ఇంకా బాగా నేర్చుకుంటాడు. లాక్కున్నవి తిరిగి ఇప్పించండి, గ్రూపులో పెట్టినవి మీ ముందే డిలీట్ చేయించండి, నెల తర్వాత మీరే వార్డెన్‌కి ఫోన్ చేసి ఎలా ఉంటున్నాడో కనుక్కోండి.