మిడి ఫైలు పంపే ముందు బెండ్ రేంజ్ చూసుకోండి

కీబోర్డు మీద గమకాలు పలికించేవాళ్ళకి ఒక చిన్న మాట. మీ దగ్గర చక్కగా పలికిన మిడి ఫైలు ఇంకొకరి కీబోర్డులో అపస్వరంగా వినిపిస్తే ముందు అనుమానించాల్సింది పిచ్ బెండ్ రేంజ్‌ని, అంటే స్వరాన్ని జార్చే చక్రం (పిచ్ వీల్) పూర్తిగా తిప్పితే స్వరం ఎంత దూరం జరగాలన్న కొలతని.

మిడి ఫైలులో శబ్దం ఉండదు. ఏ మీట నొక్కారు, ఎంత గట్టిగా, ఎప్పుడు వదిలారు, అంతే. 1983 నుంచి వేర్వేరు కంపెనీల వాద్యాలు మాట్లాడుకునే భాష ఇదే. పిచ్ వీల్ కూడా 'ఇంత తిప్పారు' అని మాత్రమే చెబుతుంది, ఎన్ని స్వరస్థానాలో చెప్పదు. మామూలుగా పరికరాలు పైకి రెండు, కిందికి రెండు అనుకుంటాయి. నేనేమో పొడుగాటి జారు కోసం 12 పెట్టుకున్నాను. వీల్ పూర్తిగా తిప్పితే మధ్య షడ్జం నుంచి తార షడ్జానికి వెళ్తుంది. అదే ఫైలు మా తమ్ముడి కీబోర్డులో వేస్తే చతుశ్రుతి రిషభం దగ్గరే చతికిలబడింది! వాడు నవ్వు ఆపడే.

అందుకని ఆ రేంజ్‌ని ఫైలులోనే రాసేయండి. సీక్వెన్సర్‌లో (మిడిని రికార్డు చేసి దిద్దుకునే సాఫ్ట్‌వేర్) మొదటి స్వరానికి కాస్త ముందు, అదే చానెల్‌లో (ఒక్కో వాద్యానికి ఇచ్చే మిడి దారి), ఈ వరుసలోనే కంట్రోలర్లు, అంటే అంకెలున్న మిడి ఆదేశాలు, పెట్టండి: కంట్రోలర్ 101కి 0, 100కి 0, 6కి 12. ఆ తర్వాత 101, 100 రెండింటికీ 127 ఇచ్చి తలుపు మూసేయాలి, లేకపోతే తర్వాత వచ్చే 6 మళ్ళీ రేంజ్‌ని మార్చేస్తుంది. గమకాలున్న ప్రతి చానెల్‌కీ విడిగా పెట్టాలి. 10వ చానెల్ డ్రమ్స్‌ది, దాని జోలికి వెళ్ళక్కర్లేదు. కొన్ని చిన్న కీబోర్డులు ఇదంతా పట్టించుకోవు, వాటికి ఆడియో పంపడమే.