మన ఊరి చరిత్ర మనమే రాద్దాం, 3వ పాఠం: కనబడకుండా పోయిన పార్టీని వెతకడం

పోయిన పాఠంలో గుడి శాసనాలు, పాత భూమి కాగితాలు చదవడం నేర్చుకున్నాం కదా, ఈసారి కాగితం కన్నా మనుషుల్లోనే ఎక్కువ మిగిలిన విషయం. నాలుగైదేళ్ళు బతికి పోయిన ఒక చిన్న పార్టీ మన ఊళ్ళో ఏం చేసిందో ఎలా పట్టుకోవాలి? ఉదాహరణకి కృషికార్ లోక్ పార్టీని తీసుకుందాం, మన శ్రీకాకుళం వాళ్ళం ఇది తెలుసుకోకపోతే మన తాతల కథలో సగం పోయినట్టే అని నా గట్టి నమ్మకం.

ముందు నాలుగు ముక్కల్లో సంగతి. 1951లో ఆచార్య ఎన్.జి. రంగా గారు కాంగ్రెస్‌లోంచి బయటికొచ్చి పెట్టారు. ఆయనది గుంటూరు జిల్లా నిడుబ్రోలు, మన వైపు దాన్ని మోసింది మాత్రం బారువలో పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్న గారు. ఇద్దరూ స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్ళినవాళ్ళే, స్వరాజ్యం వచ్చింది సరే రైతుకేం వచ్చింది అన్నదే వాళ్ళ గొడవ. 1955 ఎన్నికల్లో కాంగ్రెస్‌తో పొత్తు, ఆ తర్వాత అందులోనే కలిసిపోయింది, అంతే.

ఇప్పుడు పని మొదలెడదాం. నోట్‌బుక్‌లో మొదటి పేజీ మ్యాప్‌కి వదలండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లాలోంచి విడిపోయింది, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న గానీ రాలేదు. అంటే 1955 కాగితాల్లో బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి ఉండేది శ్రీకాకుళం జిల్లా కింద, గజపతినగరం, శృంగవరపుకోట ఉండేది విశాఖ కింద. మీది బొబ్బిలి పక్క ఊరైతే విజయనగరం అని వెతికితే ఏమీ దొరకదు, దొరకలేదు కాబట్టి ఏమీ జరగలేదు అని రాసేస్తారు.

తర్వాత అంకెలు, ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. 1952లో ఉమ్మడి మద్రాసు అసెంబ్లీలో మొత్తం 375 సీట్లు, ఈ పార్టీకి 15. 1955లో ఆంధ్ర అసెంబ్లీలో 196 సీట్లు, పార్టీకి 22. పైపైన చూస్తే నాలుగు శాతం నుంచి పదకొండు శాతానికి పెరిగిపోయింది అనిపిస్తుంది. కానీ పార్టీ బలమంతా తెలుగు జిల్లాల్లోదే, తమిళ, మలబారు సీట్లతో కలిపి లెక్కేస్తే ఎలా? 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు మన అసెంబ్లీలో ఉన్నది 140 మంది. ఆ 140లో 15 అంటే 10.7 శాతం, 196లో 22 అంటే 11.2 శాతం. పెరిగింది దాదాపు ఏమీ లేదు! పైగా 1955లో పొత్తు, కాంగ్రెస్ పోటీ లేని చోట వచ్చిన గెలుపు అది. ఇంకో మాట, అప్పట్లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు ఉండేవి, అక్కడ ఒక్కో ఓటరుకి రెండు ఓట్లు, కాబట్టి ఓట్ల మొత్తాన్ని జనం లెక్క అనుకోకండి.

ఇక పెద్దవాళ్ళ దగ్గరికి. వెళ్ళేముందు వయసు లెక్క కట్టండి. అప్పుడు ఓటు హక్కు 21 ఏళ్ళకి, అంటే 1955లో ఓటేసినవాళ్ళు ఇప్పుడు తొంభై దాటినవాళ్ళే. ఎనభైల్లో ఉన్నవాళ్ళు చెప్పేది పిల్లప్పుడు చూసిందీ, విన్నదీ, అది కూడా విలువైందే, కాకపోతే అలాగని రాసుకోవాలి.

సోంపేట వైపు ఒక ఊళ్ళో నేను మొదటిసారి ఒక తాతని పార్టీ పూర్తి పేరు పెట్టి అడిగాను. ఆయన చుట్ట పక్కన పెట్టి "ఏటి బాబూ అది, నానెరగను" అన్నాడు. నేను పుస్తకం మూసేసి లేవబోతుంటే లోపల్నుంచి ముసలమ్మ "లచ్చన్నగోరి పార్టీ కోసం అడుగుతున్నాడు గావాల" అంది. అంతే, తాత గంటసేపు ఆపలేదు, కల్లు బందు పెట్టిన రోజులు, తాళ్ళెక్కేవాళ్ళ ఇళ్ళల్లో పస్తులు, రాత్రిపూట మీటింగులు, అన్నీ వచ్చాయి. కాబట్టి పార్టీ పేరుతో అడక్కండి, మనిషి పేరుతో, కష్టం పేరుతో అడగండి. ఆ కల్లు మాట వదలొద్దు, 1954 నవంబర్‌లో ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది మద్యనిషేధం గొడవ మీదే, అదీ ఒక్క ఓటు తేడాతో. తాత చెప్పిన పస్తులకి, కర్నూలు అసెంబ్లీలో పడిన ఆ ఓటుకి మధ్య దారి చూపించగలిగితే మీరు చరిత్ర రాసినట్టే.

పార్టీ కలిసిపోయింది కదా అని అక్కడ ఆపేయకండి, మనుషుల వెంట నడవండి. 1959లో స్వతంత్ర పార్టీ వచ్చినప్పుడు అందులో మళ్ళీ రంగా గారు, లచ్చన్న గారు కనిపిస్తారు. నాలుగో లోక్‌సభలో శ్రీకాకుళం సభ్యుడిగా కూర్చున్నది కూడా ఆ నిడుబ్రోలు రంగా గారే. గుంటూరు మనిషికి మన జిల్లా ఎందుకు సీటిచ్చిందో 1951 దగ్గర మొదలెడితే గానీ అర్థం కాదు.

హోంవర్క్: ఎలక్షన్ కమిషన్ 1955 ఆంధ్ర రిపోర్టులో మీ ఊరు ఏ నియోజకవర్గం కింద ఉండేదో చూసి, పోటీ చేసినవాళ్ళ పేర్లు, పార్టీలు ఒక పేజీలో రాయండి. తర్వాత ఆ పేర్లు మాత్రమే, పార్టీలు చెప్పకుండా, ఊళ్ళో ఒక పెద్దాయనకో పెద్దమ్మకో చదివి వినిపించండి. ఏ పేరు దగ్గర వాళ్ళు ఆగారో దాని కింద గీత గీసి ఉంచండి, 4వ పాఠం ఆ గీత దగ్గరే మొదలవుతుంది.