ఇంగ్లిష్ వింటూ ఎక్కడ తడబడుతున్నారో కంప్యూటర్‌తో తేల్చడం

మార్కులు పిల్లల స్థాయి చెబుతాయి, కారణం చెప్పవు. కారణం తెలియాలంటే మూడ్ల్ లాంటి ఆన్‌లైన్ బోధన వేదికలో 10 సెకన్ల ఆడియో పెట్టి, విన్నది విన్నట్టు టైప్ చేయించండి.

అదే వేగంతో రెండోసారి, 0.75 వేగంతో మూడోసారి వినిపించండి. రెండోసారి మానేస్తే, మెరుగుదల వేగం తగ్గినందుకా, మళ్లీ విన్నందుకా అన్నది తేలదు. చివర ఆ ఆడియోలోని మాటలనే రాతలో చూపి అర్థం అడగండి. చదివినా తెలియకపోతే పదాలో వ్యాకరణమో లోటు. చదివితే తెలిసి, వింటే తెలియకపోతే చిక్కు వినికిడిలోనే.

టైప్ చేసినవి మీరే చదవాలి. కంప్యూటర్ స్పెల్లింగ్ తప్పునూ వినికిడి తప్పునూ ఒకేలా కొట్టేస్తుంది. ‘షుడ్ హావ్’ను ‘షుడ్ ఆఫ్’ అని రాశారంటే, మాటల వేగంలో కుదించుకుపోయిన ‘హావ్’ను పోల్చుకోలేదన్నమాట. అలాంటి వాక్యాలే మరో ఐదు వినిపించండి. హెడ్‌ఫోన్లు మాత్రం ముందే సరిచూడండి.