కారు ముందు చక్రాల బ్రేక్ డిస్కులు ఇంట్లోనే మార్చుకోవాలంటే

బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతోందని వెంటనే డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లాలు) కొనేయకండి, ముందు కొలవండి. డిస్క్ మీద మధ్యలోనో అంచు మీదో ‘మిన్ టీహెచ్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక అంకె పోసి ఉంటుంది, అది ఆ డిస్క్‌కి ఉండాల్సిన కనీస మందం. అంచున అరగని గట్టు మిగిలిపోతుంది కాబట్టి మామూలు వెర్నియర్ పెడితే ఆ గట్టు మందమే చూపించి మోసం చేస్తుంది. మైక్రోమీటర్‌తో, ప్యాడ్ (డిస్క్‌ని నొక్కి ఆపే బిళ్ల) రుద్దుకునే చోట నాలుగైదు వైపులా కొలవాలి. కనీసం కంటే ఎక్కువ ఉంటే లేత్ మీద ఫేసింగ్ (పైపొర కోసి చదును చేయడం) చేయించుకోవచ్చు, అది కూడా చేయించాక మిగిలే మందం ఆ అంకె కంటే పైన ఉంటేనే. జూబ్లీహిల్స్ దిగుడు రోడ్లలో, అమీర్‌పేట ట్రాఫిక్‌లో రోజూ తిరిగే బండికి సాధారణంగా అంత మిగలదు.

డిస్కులు రెండూ ఒకేసారి మార్చాలి, ప్యాడ్స్ కూడా కొత్తవే వేయాలి. రాణిగంజ్‌లో షాపతను ‘ఒక్క సైడే చాలన్నా, పాత ప్యాడ్స్ నడుస్తాయి’ అన్నా వినకండి. పాత ప్యాడ్ పాత డిస్క్ గీతలకు తగ్గట్టు అరిగి ఉంటుంది, కొత్త డిస్క్ మీద సగమే ఆనుతుంది. అన్నట్టు, పార్ట్ నంబర్ కోసం బండి ఆర్‌సీ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి, ఒకే మోడల్‌లో వేరియంట్‌ని బట్టి డిస్క్ సైజు మారుతుంది.

సెల్లార్‌లో చేస్తే ర్యాంపుకి దూరంగా, చదునైన చోట చేయండి. గేరులో పెట్టాం కదా, బండి ఎక్కడికి పోతుందిలే అనుకోవద్దు. మన బళ్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవే, వాటిలో గేరు పట్టుకునేది ఆ ముందు చక్రాలనే, మీరు లేపేదీ వాటినే. కాబట్టి హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక టైర్లకు ఇటుకలో చెక్కలో అడ్డం పెట్టండి. వీల్ నట్లు టైరు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, అప్పుడు జాకీతో లేపి, బరువు జాక్ స్టాండ్ మీదకు దించండి. బండితో వచ్చిన జాకీ స్టెప్నీ మార్చడానికే, దాని ఒక్కదాన్ని నమ్మి చేతులు లోపల పెట్టొద్దు.

టైరు తీశాక క్యాలిపర్ (ప్యాడ్స్‌ని డిస్క్ మీద నొక్కే భాగం) వెనక బోల్టులు విప్పండి. విప్పిన క్యాలిపర్‌ని బ్రేక్ గొట్టానికి వేలాడదీయకండి, ఒక తీగతో స్ప్రింగ్‌కి కట్టండి. ప్యాడ్స్ తీసి క్యాలిపర్‌ని పట్టుకునే బ్రాకెట్ కూడా విప్పితే డిస్క్ ఒక్కటే మిగులుతుంది. దానికి చిన్న స్టార్ స్క్రూ ఉంటే మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పి తల పాడు చేయొద్దు, ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. తుప్పుతో అతుక్కుపోతే ముందు డిస్క్ మీద మరలు కోసిన రెండు చిల్లులున్నాయేమో చూడండి, చాలా బళ్లకు ఉంటాయి. వాటిలోకి సరిపడే బోల్టులు, ఎక్కువగా 8 ఎంఎం, చెరో చుట్టు చొప్పున బిగిస్తూ పోతే సుత్తి అక్కర్లేకుండా దానంతటదే ఊడి వస్తుంది.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, చాలామంది దాటేసేదీ ఇదే. డిస్క్ ఆనే హబ్ (చక్రం బిగించే భాగం) ముఖాన్ని వైర్ బ్రష్‌తో, తర్వాత ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్దండి, స్టడ్‌ల మొదళ్ల చుట్టూ కూడా. అక్కడ ఇసుక రేణువంత తుప్పు పెచ్చు మిగిలినా డిస్క్ కాస్త వంకరగా కూర్చుంటుంది, అంచుకొచ్చేసరికి ఆ వంకర ఇంకా పెరుగుతుంది, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక స్టీరింగ్ మళ్లీ వణకడం మొదలుపెడుతుంది, అప్పుడందరూ డిస్క్ కంపెనీని తిడతారు. వేలితో తడిమి చూసి, నున్నగా అనిపించకపోతే మళ్లీ రుద్దండి. ప్యాడ్స్ నుంచి రాలిన పొడిని మాత్రం నోటితో ఊదొద్దు, తడి గుడ్డతో తుడవండి.

కొత్త డిస్క్‌కి తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో రెండు వైపులా తుడిచి ఎక్కించండి. క్యాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులకు సిలికాన్ గ్రీజే రాయాలి, మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బుతుంది. బానెట్ లోపల బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, సీ-క్లాంప్‌తో క్యాలిపర్‌లోని పిస్టన్‌ని నెమ్మదిగా లోపలికి నొక్కండి. డబ్బాలో లెవల్ పైకొస్తుంది, పొంగి పెయింట్ మీద పడితే రంగు లేచిపోతుంది, పడిన వెంటనే నీళ్లు పోసి కడగండి. బ్రాకెట్, కొత్త ప్యాడ్స్, క్యాలిపర్ తిరిగి పెట్టి, బోల్టులన్నీ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి.

రెండో వైపు కూడా అయ్యి, టైర్లు ఎక్కించి బండి దించాక, స్టార్ట్ చేసి కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. మొదటిసారి పెడల్ నేలదాకా పోతుంది, అలాగే బయటికి తీస్తే ఎదురుగా ఉన్న గోడే మీ బ్రేక్. పెడల్ గట్టిపడ్డాక ఆయిల్ లెవల్ చూసి మూత పెట్టండి.

తర్వాత కొత్త ప్యాడ్స్, డిస్కులు ఒకదానికొకటి కుదురుకోవడానికి, ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు చూసుకుని 60లో వెళ్తూ 10కి దించండి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు, మధ్యలో కొంచెం గాలి తగలనిస్తూ. కాస్త కాలిన వాసన వస్తే కంగారు పడకండి. వేడి మీద బ్రేక్ తొక్కి పట్టుకుని నిలబడితే ప్యాడ్ అచ్చు డిస్క్ మీద పడుతుంది, అందుకే సిగ్నళ్లు లేని రోడ్డు చూసుకోమనేది. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు ఒకసారి టార్క్ రెంచ్‌తో చూసుకోండి.