సర్వేయర్ల సంఘానికి వ్యూహ ప్రణాళిక - 3వ పాఠం: లక్ష్యాల కంటే ముందు గంటల లెక్క

మొదటి పాఠంలో సంఘం ఎందుకుందో రెండు వాక్యాల్లో రాశాం. రెండో పాఠంలో బయట ఏం మారుతోందో పట్టిక వేశాం: రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు రావడం, కొలత గొలుసు మూలకు చేరి ఉపగ్రహ సంకేతాలతో కొలిచే రోవర్ చేతికి రావడం, గ్రామ సచివాలయాల్లో సర్వేయర్లు చేరడం. ఆ పట్టిక ముందుంటే ఎవరికైనా చేయి లక్ష్యాలు రాయడానికే లేస్తుంది. ఈ పాఠంలో మాత్రం ముందు గంటలు లెక్కపెడతాం, లక్ష్యాల సంగతి ఆ తర్వాత. పోయినసారి దగ్గర పెట్టుకోమన్న గత రెండేళ్ల మినిట్స్ పుస్తకం ఇప్పుడు తెరవండి.

కారణం సూటిగా ఉంది. కంపెనీకి పని పెరిగితే మనుషుల్ని జీతానికి తెచ్చుకుంటుంది. వృత్తి సంఘానికి ఆ వీలు లేదు. దాని పెట్టుబడి సభ్యులు తమ పని మానుకుని ఇచ్చే సాయంత్రాలు, ఆదివారాలు. డబ్బుకు కోశాధికారి ఉన్నాడు, పద్దు ఉంది, ఆడిట్ ఉంది. గంటలకు అవేవీ లేవు. అందుకే చాలా సంఘాల ప్రణాళికలు డబ్బు లేక కాకుండా గంటలు లేక ఆగిపోతాయి. ఆగిన సంగతి కూడా సర్వసభ్య సమావేశం దాకా ఎవరికీ తెలియదు.

అంతర్జాతీయ సమాఖ్య దగ్గర నేర్చుకోవలసింది

సర్వేయర్ల అంతర్జాతీయ సమాఖ్య, మనవాళ్లు ఫిగ్ అనేది, 1878లో పారిస్‌లో ఏడు దేశాల సంఘాలు కలిసి పెట్టుకున్నది. ఇప్పుడు ఆఫీసు కోపెన్‌హాగెన్‌లో ఉంది. అందులో పది కమిషన్లు: వృత్తి ప్రమాణాలు, విద్య, స్థల సమాచార నిర్వహణ, జలసర్వే, స్థాన నిర్ణయం, ఇంజనీరింగ్ సర్వే, భూమి రికార్డులు, స్థల ప్రణాళిక, ఆస్తి విలువ కట్టడం, నిర్మాణ ఆర్థికం. ఆ కమిషన్లను నడిపేవాళ్లంతా జీతం లేనివాళ్లే. 2019-22 కాలానికి ఆ సమాఖ్య పెట్టుకున్న నినాదంలో మొదటి మాట కూడా స్వచ్ఛంద సేవే.

సభ్య సంఘాల మీద సమాఖ్యకు పెత్తనం లేదు. సర్వసభ్య సభలో ఒక్కో సభ్య సంఘానికి ఒక్కో ఓటు. సభ ఒప్పుకుంటే కమిషన్ల పని పట్టికలకు ముద్ర పడుతుంది, అంతే. కాబట్టి అక్కడి ప్రణాళికలో ఏ వాక్యం చదివినా ఇది సమాఖ్య చేసే పనా, సభ్య సంఘాలు చేస్తే బాగుంటుందని కోరుకునే పనా అని విడదీసి చూడాలి. మీ జిల్లా సంఘానికి, దాని మండల శాఖలకు మధ్య కూడా ఇదే తేడా ఉంటుంది. రెండో రకం వాక్యాలను లక్ష్యాల్లో కలిపేస్తే, ఎవరూ చేయని పనికి మీరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ఫిగ్ పని నాలుగేళ్ల చుట్టు మీద నడుస్తుంది. నాలుగేళ్లకోసారి కాంగ్రెస్ అనే మహాసభ, మధ్య సంవత్సరాల్లో వర్కింగ్ వీక్ అనే సమావేశం. ఇప్పటి చుట్టు 2023-26, కాంగ్రెస్ 2026లో కేప్‌టౌన్‌కు పెట్టారు. మనం ప్రణాళిక వేయాల్సింది 2027-30కి.

నాలుగేళ్లలో ఏ సైజు పని పడుతుందో చూపే ఉదాహరణలు రెండున్నాయి. 1994 మెల్‌బోర్న్ కాంగ్రెస్‌లో ఏడో కమిషన్, అంటే భూమి రికార్డుల కమిషన్, ఒక చిన్న బృందాన్ని వేసింది. ఇరవై ఏళ్ల తర్వాత భూమి రికార్డులు ఎలా ఉండాలో చెప్పడం దాని పని. 1998 బ్రైటన్ కాంగ్రెస్‌కి ‘కెడాస్టర్ 2014’ అన్న పలుచటి పుస్తకం చేతికొచ్చింది. సారమంతా ఆరు వాక్యాల్లో ఉంటుంది. ఒక బృందం, ఒక చుట్టు, ఒక పుస్తకం.

రెండోది భూ పరిపాలన నమూనా, అంటే భూమి, దాని మీది హక్కుల వివరాలు రాసుకోవడానికి ఉమ్మడి చట్రం. 2002లో వాషింగ్టన్ కాంగ్రెస్‌లో డచ్ నిపుణులు లెమెన్, వాన్ ఊస్టరోమ్ దాని ప్రతిపాదన పెట్టారు. 2008లో ఫిగ్ దాన్ని ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ ఐఎస్ఓకు పంపింది. ఐఎస్ఓ 19152గా అచ్చయింది 2012లో. పదేళ్లు పట్టింది, 2003 నుంచి లెక్కేసినా ముగ్గురు అధ్యక్షుల కాలం మీదుగా నడిచింది. దీన్ని ఎవరైనా 2003లోనే ‘నాలుగేళ్లలో ప్రమాణం తెస్తాం’ అని రాసి ఉంటే ఓడిపోయేవారు. పెద్ద పనిని చుట్టులో ఇమిడే ముక్కగా కోయాలి. ఈ చుట్టుకి ముసాయిదా, వచ్చే చుట్టుకి ఆమోదం అనాలి. కోసిన ముక్క కూడా సొంతంగా పనికొచ్చేదై ఉండాలి. సగం ముసాయిదా ఎవరికీ అక్కరకు రాదు.

గంటలు లెక్కపెట్టే విధానం

లెక్క కోసం గుంటూరు, విజయవాడ మధ్య ఒక ఊహా సంఘాన్ని తీసుకుందాం. కార్యవర్గం 11 మంది, ఉపసంఘాల్లో మరో నలుగురు, మొత్తం 15 మంది. ఒక్కొక్కరినీ విడిగా అడగండి, ‘వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు?’ అని. సమావేశంలో అందరి ముందూ అడిగితే పోటీ మీద చెబుతారు. సగటున 3 గంటలన్నారనుకోండి. 15 మంది, 3 గంటలు, 52 వారాలు: 2,340 గంటలు. ఈ అంకె చూసి మురిసిపోకండి, ఇది ఇంకా నోటిమాటే.

మొదటి కోత సీజనుది. డెల్టాలో సార్వా కోతలయ్యాక చేలు ఎండి గట్లు తేలేది ఫిబ్రవరి నుంచి. మే చివరిదాకా ఏ సర్వేయరూ ఇంటిపట్టున ఉండడు, ఏడాది సంపాదనలో పెద్ద భాగం అప్పుడే. అవి 17 వారాలు. సంక్రాంతికి 2, దసరా దీపావళికి 3 కలిపితే 22. మిగిలింది 30 వారాలు, అంటే 1,350 గంటలు.

రెండో కోత మినిట్స్ పుస్తకం చెబుతుంది. గత రెండేళ్ల సమావేశాల్లో రావలసినవాళ్లు ఎందరు, సంతకం పెట్టినవాళ్లు ఎందరు? ఉదాహరణకి 60 శాతం వచ్చిందనుకుందాం. 1,350లో అది 810. సమావేశానికి రానివాడు ఇంట్లో కూర్చుని ముసాయిదా రాస్తాడని లెక్కలోకి తీసుకోవద్దు.

మూడో కోత మామూలు పనులది: సర్వసభ్య సమావేశం, సభ్యత్వ రెన్యువల్, పద్దులు, ఆడిట్, రిజిస్ట్రారుకు ఏటా పంపే జాబితా, ఎన్నికలు, ఉత్తరాలు. ఏ ప్రణాళికా లేకపోయినా ఇవి చేయక తప్పదు. 350 గంటలు వేస్తే మిగిలేది 460. అందులో పదో వంతు, 46, అనుకోని పనికి పక్కన పెట్టాలి. కొత్త జీవో వస్తుంది, దాని మీద వారంలోగా అభిప్రాయం పంపమంటారు. చివరికి ప్రణాళిక చేతికొచ్చేది ఏడాదికి 414 గంటలు.

2,340 ఎక్కడ, 414 ఎక్కడ! ఇంత తేడా రాగానే కొందరు అన్ని అంకెలూ కాస్త కాస్త పెంచి సర్దేస్తారు. ట్రావర్స్‌లో, అంటే భుజాలు వరసగా కొలుచుకుంటూ మొదలైన చోటికే తిరిగి వచ్చే కొలతలో, ముగింపులో పెద్ద తేడా వస్తే దాన్ని అన్ని భుజాలకూ సమానంగా పంచి మూసేయడం లాంటిదే ఇది. పెద్ద తేడాను పంచకూడదు, ఏ భుజం దగ్గర తప్పిందో వెతకాలి. సాధారణంగా తప్పు హాజరు శాతంలో గానీ మామూలు పనుల అంచనాలో గానీ ఉంటుంది. ఆ రెంటినీ మళ్లీ లెక్కించండి. అప్పటికీ అంతే వస్తే ఆ అంకెనే నమ్మండి.

పనులకు ధర కట్టడం

ఇప్పుడు ఒక్కో కోరికకు గంటల్లో ధర కట్టాలి. రోవర్ మీద ఒకరోజు శిక్షణ తీసుకుందాం. బోధన 6 గంటలు. కొత్త పాఠమైతే గంట బోధనకు 5 గంటల తయారీ వేసుకోవాలి, అంటే 30. హాలు, పరికరాలు, భోజనాలు, పేర్ల నమోదుకు 20. ఆ రోజు పాఠం చెప్పేవారితో కలిపి నలుగురు నిర్వాహకులు 8 గంటల చొప్పున 32, బోధన 6 గంటలూ ఇందులోవే. మొత్తం 82. అదే పాఠం మళ్లీ చెబితే తయారీ 6కి దిగుతుంది, మొత్తం 58. ఏర్పాట్లు, ఆ రోజు పని మాత్రం తగ్గవు. ‘ఒకసారి తయారైతే తర్వాతదంతా ఉచితమే’ అనుకునేవాళ్లు తప్పేది ఇక్కడే.

ఏడాదికి నాలుగు శిక్షణలు కావాలంటే 82కి మూడు 58లు కలిపి 256. ప్రైవేటు కొలతల పనికి తెలుగులో నమూనా ఒప్పందపత్రం కావాలనుకోండి. ముసాయిదాకు 60, వకీలుతో కూర్చోవడానికి 10, సభ్యుల అభిప్రాయాలకు 40, అచ్చుకు 10, మొత్తం 120. అంతర్జాతీయ కమిషన్ పని వెంట నడిచి, అక్కడి సంగతులు తెలుగులో సభ్యులకు చెప్పడానికి ఏడాదికి 80. అన్నీ కలిపి 456. ఉన్నవి 414. ఒక శిక్షణ తీసేస్తే 398కి దిగుతుంది, 16 గంటలు మిగులు.

ఆ ఒక్క శిక్షణ తీసేయాలన్నప్పుడే అసలు చర్చ మొదలవుతుంది, మొదలవ్వాలి కూడా. శిక్షణ కావాలా, ఒప్పందపత్రం కావాలా? నాలుగో శిక్షణ వదలలేమంటే ఉపసంఘంలోకి ఇంకెవర్ని తేవాలి? ఏదీ తీసేయకుండా అన్నిటికీ ‘అధిక ప్రాధాన్యం’ రాసుకున్న కాగితం కోరికల చిట్టాయే, ప్రణాళిక కాదు.

అంతర్జాతీయ పనికి వేసిన 80 గంటల దగ్గర ఒక చిక్కుంది. వర్కింగ్ వీక్ మన సీజను మీదే పడుతుంది. 2024లో అక్రాలో మేలో జరిగింది, 2025లో బ్రిస్బేన్‌లో ఏప్రిల్‌లో. పత్రాల సారాంశాలు సాధారణంగా అంతకు ముందటి ఏడాది చివర్లోనే పంపాలి. కాబట్టి ఆ గంటల్ని జూలై నుంచి నవంబరు లోపు వాడేయాలి. ఇంకో సంగతి, జిల్లా సంఘం అక్కడ నేరుగా ఓటు వేయదు. కమిషన్లకు ప్రతినిధుల్ని పంపేది సభ్యత్వమున్న సంఘమే. మీ అభిప్రాయం దాని ద్వారానే వెళ్లాలి, కనుక ఆ సంఘం సమావేశాల తేదీలు కూడా మీ క్యాలెండరులో ఉండాలి. సభ్యత్వ చందాలు యూరోల్లో ఉంటాయి. మీ సంఘం అందులో వాటా ఇస్తుంటే, బడ్జెట్‌లో మారకం రేటుకు కొంత ఎక్కువ వేసి ఉంచండి. డబ్బు సంగతి ఐదో పాఠంలో వివరంగా చూద్దాం.

లక్ష్యం వాక్యం

గంటలు తేలాక వాక్యం రాయడం తేలిక. వాక్యంలో ఒక వస్తువు, ఒక తేదీ, ఒక బాధ్యుడు, ఒక మారు మనిషి, గంటలు, పని పూర్తయిందనే గుర్తు ఉండాలి. ‘సభ్యుల వృత్తి నైపుణ్యాన్ని బలోపేతం చేయుట’ అని రాస్తే అది ఎప్పటికీ పూర్తి కాదు, ఎప్పటికీ విఫలమూ కాదు. దాని బదులు ఇలా రాయండి: ‘2027 సెప్టెంబరు 30 నాటికి ప్రైవేటు కొలతలకు నమూనా ఒప్పందపత్రం. బాధ్యత సహాయ కార్యదర్శిది, మారు కోశాధికారి. 120 గంటలు. గుర్తు: సర్వసభ్య సమావేశం ఆమోదించిన తీర్మానం నంబరు.’ బాధ్యుడి దగ్గర ‘కమిటీ’ అని రాయకండి. కమిటీకి ఫోన్ చేసి అడగలేరు.

గుర్తు ఎంచుకోవడంలో ఎక్కువమంది బోల్తా పడతారు. శిక్షణకు ఎందరొచ్చారో లెక్కపెట్టడం సులువు, కానీ అది భోజనాల లెక్క. నేర్చుకున్నారా లేదా తేల్చాలంటే పొలానికి వెళ్లాలి. రెండు వారాల తర్వాత, ముందే నిర్దేశాంకాలు తెలిసిన ఒక కంట్రోల్ పాయింట్ దగ్గరికి శిక్షణ పొందినవాళ్లను రమ్మనండి. రోవర్ ఆపి, మళ్లీ మొదలుపెట్టి, గంట తేడాతో రెండుసార్లు కొలవాలి. రెండు కొలతలూ తెలిసిన విలువకు 5 సెంటీమీటర్ల లోపు ఉంటే ఉత్తీర్ణత. ఇక్కడ తప్పేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఒకటే పొరపాటు. తెర మీద ఫిక్స్ (స్థానం ఖాయమైందనే గుర్తు) రాకముందే, ఇంకా ఫ్లోట్‌లో (ఖాయం కాని దశలో) ఉండగానే పాయింటు స్టోర్ చేసేస్తారు. ఆ సంగతి బయటపడితే వచ్చే శిక్షణలో గంట దాని మీదే పెట్టవచ్చు. ఈ పరీక్షకు అయ్యే గంటల్ని కూడా శిక్షణ ధరలో కలపాలి. పై లెక్కలో మిగిలిన 16 గంటలు దానికే సరిపోతాయి.

అప్పగింత

మన సంఘాల్లో కార్యవర్గం రెండేళ్లకే మారుతుందనుకుంటే నాలుగేళ్ల ప్రణాళిక మధ్యలో ఒక ఎన్నిక తప్పదు. కొత్త కార్యదర్శి వచ్చి పాత ఫైలు తెరవకుండానే కొత్త నినాదం పెట్టడం అందరూ చూసిందే. ఫిగ్‌లో దీనికి రెండు ఏర్పాట్లున్నాయి. కమిషన్ అధ్యక్షుణ్ణి రెండేళ్ల ముందే ఎన్నుకుంటారు. ఆ రెండేళ్లూ అతను పాత అధ్యక్షుడి పక్కన ఉండి పని చూస్తాడు. ఉపాధ్యక్షులు నలుగురూ ఒకేసారి దిగిపోకుండా రెండేళ్లకోసారి ఇద్దరి చొప్పున మారతారు.

మొదటిది మనకు కష్టం, చాలా సంఘాల నిబంధనావళి ఒప్పుకోదు. రెండోది చేయవచ్చు. ఉపసంఘాల సభ్యుల్లో సగం మంది కాలపరిమితి ఎన్నికల సంవత్సరానికి తర్వాతి ఏడాది ముగిసేలా ఒక తీర్మానం చేసుకుంటే చాలు. దాంతోపాటు 2028 డిసెంబరు చివర ఒక గీత గీయండి. ఆ తేదీకి పూర్తి కావలసినవి పై సగంలో, తర్వాతవి కింది సగంలో. కొత్త కార్యవర్గం కింది సగాన్ని మార్చుకోవచ్చు. పై సగంలో మిగిలిపోయినవాటిని మాత్రం తీర్మానం లేకుండా కొట్టేయకూడదు.

ఇంటిపని

మీ సంఘానికి ఈ పాఠంలోని మూడు కోతలు వేసి ఏడాది గంటల అంకె తేల్చండి. రెండో పాఠం పట్టిక నుంచి నాలుగు పనులు తీసుకుని ఒక్కోదానికి గంటల ధర కట్టండి. అంకె దాటితే ఏది తీసేశారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాసి కార్యవర్గంలో చదవండి. ఎవరు ఒప్పుకోలేదో రాసుకోండి. ఆ పేర్లతో నాలుగో పాఠంలో పని ఉంది: ఓటింగుకు పెట్టకముందే అభ్యంతరాలు తీర్చుకునే పద్ధతి.