జబ్బు ముదిరినప్పుడు బీమా పాలసీని మరొకరికి రాసివ్వడం: దరఖాస్తు విధానం

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆస్పత్రి ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో ఒకావిడ పాలసీ బాండు వెనక పేజీ నకలు తీయిస్తోంది. ఆ పేజీలో రాత ఏమీ లేదు. సంతకం పడవలసిన చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు మాత్రం ఉంది. భర్తకు కాలేయ క్యాన్సరు, నాలుగో దశ. పది లక్షల పాలసీకి నాలుగు లక్షలు ఇస్తామని దళారులు అన్నారట. సంతకం అయ్యాక మిగతాది తామే రాసుకుంటామన్నారట.

ప్రాణాంతక జబ్బున్న వారి పాలసీలు కొనడానికి అమెరికాలో మాదిరి లైసెన్సు ఉన్న కంపెనీలు మన దగ్గర లేవు. ఉన్నది 1938 బీమా చట్టంలోని 38వ సెక్షన్ ప్రకారం పాలసీని వేరొకరి పేర రాసివ్వడం, అంటే అసైన్‌మెంట్. అంతదాకా వెళ్లే ముందు బాండు పూర్తిగా చదవండి. కొన్ని టర్మ్ పాలసీల్లో (గడువులోగా చనిపోతేనే డబ్బు వచ్చేవి), ప్రాణానికి గడువు కొద్ది నెలలేనని డాక్టర్లు ధ్రువీకరిస్తే బీమా మొత్తం బతికుండగానే ఇచ్చే షరతు ఉంటుంది. అది ఉంటే ఇంకెవరినీ అడగనక్కర్లేదు. లేకపోతే పాలసీ మీద అప్పు ఎంత వస్తుందో, సరెండర్ చేస్తే, అంటే గడువుకు ముందే పాలసీ వదులుకుంటే, ఎంత వస్తుందో బ్రాంచిలో రాయించుకోండి. ఆ రెండు అంకెలు చేతిలో లేకుండా ఎవరి బేరమూ వినకండి.

దరఖాస్తులో కష్టమేమీ లేదు. అసలు బాండు, రాసిచ్చేవారు, తీసుకునేవారు ఇద్దరి గుర్తింపు పత్రాలు, పాన్, బ్యాంకు వివరాలు తీసుకుని పాలసీ ఉన్న బ్రాంచికి వెళ్లాలి. బాండు వెనకే రాస్తే స్టాంపు పేపరు అవసరం లేదు, విడిగా దస్తావేజు రాస్తే కావాలి. కనీసం ఒక సాక్షి సంతకం ఉండాలి. సాక్షిగా కొనేవారి మనిషి వద్దు.

చిక్కంతా కారణం రాసే దగ్గరే. 2015 సవరణ తరువాత పాలసీ ఎందుకు రాసిస్తున్నారో, ఎవరికి, ఏ షరతులతో ఇస్తున్నారో, ఆ మనిషి పూర్వాపరాలేమిటో స్పష్టంగా రాయాలి. ఇది పాలసీల వ్యాపారమనో, పాలసీదారు మేలుకు విరుద్ధమనో తగిన ఆధారం ఉంటే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. దళారులకు ఇది బాగా తెలుసు. అందుకే ఏ చుట్టరికమూ లేని మనిషి పేరు పెట్టి "ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను" అని రాయిస్తారు. ఆ ఒక్క వాక్యంతో నాలుగు లక్షల మాట కాగితం మీద ఎక్కడా లేకుండా పోతుంది. మొదట యాభై వేలు ఇచ్చి మిగతాది ఎగ్గొడితే అడగడానికి ఏ ఆధారం చూపిస్తారు? దానికి తోడు, పాలసీని ఇలా పూర్తిగా రాసిచ్చిన క్షణం నుంచి నామినేషన్ రద్దయినట్లే. బాండు మీద భార్య పేరు ఉన్నా ఆమెకు రూపాయి రాదు. ఈ సంగతి ఆ జిరాక్సు షాపులో ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

నిజమే రాయండి. "వైద్య ఖర్చుల కోసం నా మేనల్లుడి దగ్గర ఇంత మొత్తం, ఫలానా తేదీన బ్యాంకు ద్వారా తీసుకుని ఈ పాలసీ రాసిస్తున్నాను" అంటే చాలు. అయినవారికి నిజమైన అవసరంతో ఇచ్చిన దాన్ని వ్యాపారం అనడం అంత తేలిక కాదు, కాబట్టి అనవసరంగా భయపడకండి. ఒకవేళ నిరాకరించినా, కారణాన్ని 30 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. అది అందిన 30 రోజుల్లోగా మీరు బీమా నియంత్రణ సంస్థను (ఐఆర్‌డీఏఐ) ఆశ్రయించవచ్చు. కౌంటరు దగ్గర "కుదరదండీ" అని నోటితో చెప్పి పంపిస్తే ఆ మాటనే కాగితం మీద అడగండి.

రెండో అడ్డంకి సంతకం. కీమోథెరపీతో చేయి వణికే మనిషి సంతకం, ఇరవై ఏళ్ల క్రితం ప్రపోజల్ ఫారం మీద చేసిన సంతకంతో కలవదు. ముందే బ్రాంచికి వెళ్లి, సంతకం మారితే ఏం కావాలో, వేలిముద్ర అయితే ఎవరి ధ్రువీకరణ కావాలో అడిగి రండి. రోగిని వీల్‌చైర్‌లో రెండుసార్లు తిప్పే బాధ తప్పుతుంది.

వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాబిడ్డల కోసం తీసుకున్న పాలసీ అయితే భర్త తన ఇష్టప్రకారం రాసివ్వలేడు. అలాంటి బాండుకు కూడా బేరమాడే వాళ్లున్నారు, జాగ్రత్త.

డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం చేయండి. ఆ తరువాత పాలసీ రాసిచ్చినట్లు తెలిపే నోటీసు, రాసిచ్చిన బాండు లేదా దస్తావేజు బ్రాంచికి చేరితే తప్ప కంపెనీ దృష్టిలో అసైన్‌మెంట్ అమలులోకి రాదు. కాబట్టి బాండును దళారి చేతికి కాక కౌంటరులో మీవాళ్ల చేతనే ఇప్పించి, అందినట్లు రాతపూర్వకంగా అడగండి. నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయాలంటే ఫోను నంబరు 155255.