వివాహేతర సంబంధం, క్రూరత్వం: ఫ్యామిలీ కోర్టులో రుజువు చేయడం ఎలా

ఒకరు విడాకులు కావాలంటారు, ఇంకొకరు ససేమిరా అంటారు. అప్పుడు హైదరాబాద్‌లో పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టయినా, ఎల్బీనగర్ కోర్టయినా చూసేది రెండే: పిటిషన్‌లో ఏం రాశారు, దానికి కాగితమో సాక్షో ఉందా. 1955 హిందూ వివాహ చట్టంలో వివాహేతర సంబంధానికి సెక్షన్ 13(1)(ఐ), క్రూరత్వానికి 13(1)(ఐఏ). ఇతర మతాలవారికి, స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లయినవారికి సెక్షన్లు వేరు. సాక్ష్యం కూడగట్టే పద్ధతి మాత్రం చాలావరకు ఇదే.

ముందు ఏ కారణం మీద వెళ్లాలో తేల్చుకోండి. కోపంలో చాలామంది అక్రమ సంబంధం ఆరోపణనే ముందు పెట్టేస్తారు. ఆధారం లేకుండా భార్య శీలం మీద నింద వేయడమే క్రూరత్వమని సుప్రీంకోర్టు 2003లో తేల్చింది. అంటే మీరు రాసిన వాక్యాన్నే అవతలి పక్షం మీ మీద వాడుకోవచ్చు. ఆధారం గట్టిగా లేకపోతే క్రూరత్వం మీదే వెళ్లడం మంచిది. అర్ధరాత్రి ఫోన్లు, ఇంటికి రాకపోవడం, అడిగితే తిట్టడం వంటివి సంబంధాన్ని నిరూపించలేకపోయినా మానసిక క్రూరత్వం కిందికి రావచ్చు. గట్టి ఆధారం ఉంటే రెండూ రాయండి.

వివాహేతర సంబంధం 2018 నుంచి నేరం కాదు కాబట్టి ఆ కారణంతో పోలీసులు కేసు పెట్టరు. విడాకులకు మాత్రం కారణంగా నిలిచే ఉంది. 1976 సవరణ తర్వాత ఒక్కసారి జరిగిందని రుజువైనా చాలు. కళ్లారా చూసిన సాక్షిని ఏ జడ్జీ అడగరు. ఇద్దరి మధ్య ఆకర్షణ ఉందని, కలుసుకునే అవకాశం దొరికిందని చూపిస్తే, ఏది ఎక్కువ నమ్మదగ్గదో కోర్టు తూకం వేస్తుంది. లాడ్జి రిజిస్టరు, ప్రయాణ టికెట్లు, మెసేజీలు ఒకే తేదీ చుట్టూ చేరితే బలం వస్తుంది. సంబంధం ఉన్న ఆ మూడో వ్యక్తి పేరు తెలిస్తే ప్రతివాదిగా చేర్చండి, లేకపోతే అవతలి లాయరు మొదటి అభ్యంతరం అదే లేవనెత్తుతారు.

ఎక్కువ కేసులు చెడేది ఫోను సాక్ష్యం దగ్గరే. వాట్సాప్ స్క్రీన్‌షాట్ పైన ‘బంగారం’ అని కనిపిస్తే దానివల్ల ఏమీ తేలదు, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. పేరు మీద నొక్కి నంబరు కనిపించే స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత ఆ నంబరు ఆ వ్యక్తిదేనని వేరే కాగితంతో చూపాలి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి. నచ్చిన నాలుగు ముక్కలే పెడితే క్రాస్‌లో (అవతలి లాయరు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు) మిగతాది అడుగుతారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ‘పార్ట్ ఎ’ పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లు నింపాలి, ‘పార్ట్ బి’ నిపుణుడు నింపాలి. మోడల్, ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య), ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలి. అసలు ఫోను మార్చకండి, రీసెట్ చేయకండి, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి.

భార్యాభర్తల మధ్య మాటలను ఒకరికి తెలియకుండా ఇంకొకరు రికార్డు చేసినా విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అది మీరు పాల్గొన్న సంభాషణకే ధైర్యాన్నిస్తుంది. ఎదుటివారి మెయిల్‌ పాస్‌వర్డ్ దొంగిలించడం, ఫోనులో గూఢచర్య యాప్ పెట్టడం ఐటీ చట్టం కింద నేరం. డబ్బిస్తే కాల్ లిస్టు తెచ్చిస్తామనే డిటెక్టివ్‌లను దగ్గరికి రానివ్వకండి. కాల్ రికార్డులు, లాడ్జి రిజిస్టరు కోర్టు సమన్ల ద్వారానే తెప్పించాలి. సీసీటీవీ కొన్ని వారాల్లోనే చెరిగిపోతుంది, అందుకే దాన్ని భద్రపరచమని ముందే లాయరు నోటీసు పంపండి. పిల్లల మీద డీఎన్‌ఏ పరీక్ష అడిగే ఆలోచన ఉంటే ఒకటికి పదిసార్లు ఆలోచించండి. బిడ్డ పితృత్వాన్ని చట్టం కాపాడుతుంది, అలాంటి పరీక్షను అలవాటుగా ఆదేశించవద్దని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఆ బిడ్డ తప్పేమీ లేదు.

క్రూరత్వానికి ‘కొట్టేవాడు, తిట్టేవాడు’ అని రాస్తే చాలదు. ఏ నెల, ఏ ఇల్లు, ఎవరు ఉన్నారు, ఏ మాట అన్నారు, తర్వాత ఏం జరిగింది, ఇవన్నీ కావాలి. పిటిషన్‌లో లేని సంఘటనను చీఫ్ అఫిడవిట్‌లో (మీ సాక్ష్యాన్ని ప్రమాణం చేసి రాసిచ్చే పత్రంలో) కొత్తగా తెస్తే కోర్టు పక్కన పెడుతుంది. దెబ్బలు తగిలితే ఉస్మానియా, గాంధీ వంటి ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసు(ఎంఎల్‌సీ)గా నమోదు చేయించి, చీటీ దాచుకోండి. మహిళా పోలీస్ స్టేషన్ కౌన్సెలింగ్ కాగితాలు, డయల్ 100 చేసిన తేదీ పనికొస్తాయి. తప్పుడు కేసులు పెట్టడం, ఆఫీసుకు పరువు తీసే ఫిర్యాదులు పంపడం కూడా క్రూరత్వమేనని సుప్రీంకోర్టు 2013, 2021 తీర్పుల్లో ఉంది. దీన్ని ఇద్దరూ గుర్తుపెట్టుకోవాలి. రక్తసంబంధీకుల సాక్ష్యం చెల్లదనేది అపోహ, ఇంటి గొడవ చూసేది వాళ్లే. కాకపోతే ఎదురింటివారో, వాచ్‌మనో ఒక్కరు తోడుంటే నమ్మకం పెరుగుతుంది.

హిందూ వివాహ చట్టం సెక్షన్ 23ను మర్చిపోకండి. తెలిసి క్షమించి కాపురం చేస్తే పాత తప్పు మీద విడాకుల డిక్రీ రాదు. పెద్దమనుషుల పంచాయితీలో కలిపి పంపించారంటే అవతలివారు ఇదే వాదిస్తారు. మళ్లీ అదే ప్రవర్తన మొదలైతే పాతది కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి పంచాయితీ తేదీని, ఆ తర్వాత జరిగినవాటిని విడివిడిగా రాయండి.

క్రాస్‌లో ఓడిపోయేవాళ్లు ఎక్కువగా అతిశయోక్తితోనే ఓడిపోతారు. రెండుసార్లు కొడితే రోజూ కొట్టారని రాయకండి, ఆ ఒక్క మాట తప్పని తేలితే మిగతా నిజాలకూ విలువ పోతుంది. చీఫ్ అఫిడవిట్‌ను సంతకానికి ముందు మీ భాషలో చదివించుకోండి. తేదీ గుర్తులేకపోతే ‘గుర్తులేదు’ అనండి.

కేసు నడుస్తున్నంతకాలం ఏదీ ఫేస్‌బుక్‌లో, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అదే చట్టం సెక్షన్ 22 కింద విచారణ తలుపులు మూసి జరుగుతుంది, కోర్టు అనుమతి లేకుండా వివరాలు ప్రచురించడం నేరం. పైగా మీరు పెట్టిన ఆ పోస్టే అవతలి పక్షానికి కొత్త క్రూరత్వ సాక్ష్యమవుతుంది.